తాతమ్మ మూడు ఇటుకలు

నాగాయలంకలో పడవెక్కి గంటసేపు వెళ్తే సముద్రం ముఖాన ఒక ఇసుక దిబ్బ వస్తుంది. సరుగుడు చెట్లూ ఎర్రపీతలూ తప్ప అక్కడ పురుగు కూడా ఉండదు. ఆదివారాలు హాయిగా గడపడానికి జనం అక్కడికి వస్తారు. పడవ వెంకటపతిది, వంట అతని భార్య తాతమ్మది. ఆవిడకి వయసు యాభై ఎనిమిదైనా నోటికి మాత్రం పాతికే. పులుసులో ఇంకాస్త కారం అడిగితే "మీ ఇంట్లో వేసుకోండి" అనేస్తుంది. అయినా ఎవరికీ కోపం రాదు, ఆ పులుసు అలాంటిది మరి.

ఆవిడ పొయ్యంటే మూడు ఇటుకలు. వాటిని నీటి ఒడ్డుకి దగ్గరగా, పల్లంలోనే పెడుతుంది. పోటు మొదలై ఇటుక తడిసిందా, వంట సగంలో ఉన్నా సరే గిన్నె దించేసి "ఎక్కండెక్కండి!" అని కేకేస్తుంది. దిబ్బ నడుమ ఒక గాడి ఉంది. ఇటుక తడిసే వేళకి అందులో నీళ్ళు మోకాలి దాకా వస్తాయి, ఆ తర్వాత ఇక దాటలేం. ఇది అత్తగారు నేర్పిన పద్ధతి. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి ఆవిడ. ముప్ఫయ్యేళ్ళుగా తాతమ్మకి గడియారంతో పనిలేకుండా పోయింది.

ఆ ఆదివారం గుడివాడ నుంచి సోమేశ్వరరావు గారూ, ఆయన భార్య శాంతీ వచ్చారు. పొయ్యి రాజేయగానే శాంతికి దగ్గు తెర మొదలైంది.

"తాతమ్మగారూ, మా ఆవిడకి పొగ పడదండీ. పొయ్యి కాస్త పైకి, ఆ చెట్ల దగ్గరికి మార్చండి," అన్నారాయన.

ఇంకెవరైనా అయితే తాతమ్మ నాలుగు దులిపేదే. ఆ దగ్గు చూసి జాలిపడింది. "అయ్యో, అదెంత పనండీ!" అని ఇటుకలు మోసుకెళ్ళి గట్టున పెట్టింది. అంతే.

శాంతి గాడి దాటి, అవతలి కొసన గాలికి దుప్పటి పరుచుకుని పడుకుంది. ఆయన చెట్టు నీడన ఒరిగారు. వెంకటపతి పడవలో కునుకు తీస్తున్నాడు. తాతమ్మ రొయ్యలు వలుస్తూ, అలవాటుగా ఇటుకల వంక చూస్తోంది. పొడిగానే ఉన్నాయి. పీతలు గుంపులుగా గట్టెక్కి ఆవిడ కాళ్ళ మీదుగా పాకుతున్నాయి. "ఇవాళ మీకేం పుట్టింది?" అని గరిటెతో తోలింది. మళ్ళీ ఇటుకలు చూసింది. పొడిగానే ఉన్నాయి. చాలా టైముందిలే అనుకుంది.

"మా ఆవిడ ఏదండీ?" అంటూ ఆయన లేచారు.

తాతమ్మ తలెత్తింది. గాడి కనబడలేదు. ఆ చోటంతా నీళ్ళు. అవతల చాపంత ఇసుక, దాని మీద నిలబడి చేతులూపుతున్న శాంతి. దగ్గుతో పాపం ఆవిడ కేక బయటికి రావడం లేదు.

"నా మతి మండా! పైకి పెట్టింది నేనే కదా! మావా, ఇంజనెయ్యి!"

వెంకటపతి దిబ్బ చుట్టూ తిప్పుకొచ్చేసరికి ఆ ఇసుక మునిగి, అలలు శాంతి గుండెలకి కొడుతున్నాయి. ఒక చెయ్యి దొరికింది, జారింది, మళ్ళీ దొరికింది. పైకి లాగాక ఆవిడ చాలాసేపు ఊపిరి అందక గిలగిల్లాడింది.

"ముందే చెప్పాలి కదమ్మా! ఇదేనా మీ అనుభవం?" అని అరిచారు సోమేశ్వరరావు గారు. ఏడుస్తూనే అరిచారు. తాతమ్మ శాంతి వీపు నిమురుతూ కూర్చుంది. పొయ్యి ఎందుకు మారిందో ఆయనకి గుర్తు చేయలేదు.

పడవ పాయలోకి తిరిగాక వెనక్కి చూసింది. దిబ్బ సగానికి పైగా మునిగింది. గట్టు మీద పొయ్యి ఇంకా మండుతోంది. ఇటుకలు ఇప్పటికీ తడవలేదు.

వెంకటపతి ఫోను మోగింది. "బందరు నించి, వచ్చే ఆదివారం ఇరవై మందంట. ఏం చెప్పమంటావే?"

తాతమ్మ కళ్ళు ఆ పొగ మీదే ఉన్నాయి.

"పొగ పడనోళ్ళని తీసుకురావద్దని చెప్పు," అంది.