పేరు పెట్టి పిలిచింది

కూర్మయ్య ముప్పయ్యేళ్లు ఏటిమీద పడవ నడిపాడు. అవతలి గట్టున రాజాం బస్సు దొరుకుతుంది కనక పెళ్లికూతుళ్లనీ, వడ్ల బస్తాలనీ, నొప్పులు పడుతున్న ఆడవాళ్లనీ కూడా దాటించాడు. ఎగువన బ్యారేజీ కట్టి నీళ్లను కాలవలోకి మళ్లించాక ఏరు ఇసకపర్ర అయింది. కాలవ పారే మెట్ట ఊళ్లలో రెండు పంటలు పండుతున్నాయట. పండనీ, వాళ్లూ మనుషులే. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాం గానీ, ఏరే తెప్పని వదిలేసి పోవడం కూర్మయ్యకే చెల్లింది.

పడవ గట్టున బోర్లించి ఉంది. మధ్యాహ్నాలు దాని నీడలో పడుకుంటాడు. అప్పుడప్పుడు వినిపిస్తుంది: "కూర్మయ్యో! పడవో!" నడి ఇసకలోంచి, మండే ఎండలో, మనిషి జాడ లేకుండా. రెండుసార్లే.

పడవవాళ్లకి ఒక కట్టుబాటుంది. ఏటివైపు నుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడో పిలుపుదాకా పలకకూడదు, తిరిగి చూడకూడదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుంది. తండ్రి నేర్పిన ఈ మాట కూర్మయ్య ఏనాడూ దాటలేదు.

"నీళ్లే నేవు, నీటి దయ్యం ఎక్కడుంటాది మావా?" అని నవ్వేది భార్య తాయారు.

"నవ్వకే. నీళ్లెల్లిపోతే అదెక్కడికెల్తాది? దానికేటి కాలనీ కట్టిచ్చేరా?"

తాయారుకి అతను సొంత మేనమామ. మాటలొచ్చినప్పట్నించీ మావా అనడమే గానీ అతని పేరు ఆవిడ నోట ఎవరూ వినలేదు. పెనిమిటి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ భయం.

మొన్న ఆషాఢంలో తాయారు అవతలి గట్టున గోగు చేలో కలుపుకి వెళ్లి, మిట్టమధ్యాహ్నం వేళకి ఏట్లో నడిచి వస్తోంది. ఇక్కడ చినుకు లేదు. పైన ఒడిశా కొండల్లో కురిసిందట, బ్యారేజీ గేట్లెత్తేశారు. ఆ కబురు ఈ ఊరికి ఎవరూ చెప్పలేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్న పెద్దలు ఈ గేట్ల సంగతి ఎరగరు పాపం.

"కూర్మయ్యా!"

పడవ నీడలో కునుకు తీస్తున్న కూర్మయ్యకి మెలకువ వచ్చింది. తాయారు గొంతు! ఓరి దీని తస్సాదియ్యా, నా పెళ్లాం గొంతు ఎత్తుకొచ్చింది అనుకున్నాడు. తాయారు పేరు పెట్టి పిలవదు కదా! ఏదో హోరు వినిపిస్తే గాలి అనుకున్నాడు.

"కూర్మయ్యా!"

కళ్లు గట్టిగా మూసుకుని మూడోదాని కోసం కాచుకున్నాడు. రాలేదు. దయ్యమే, పీడా పోయింది అని ఏటివైపు తిరిగేసరికి గట్టు ఒరుసుకుంటూ ఎర్రనీళ్లు పోతున్నాయి.

దిగువ రేవులో ఇసక ట్రాక్టర్లవాళ్లు తాయారుని జుట్టు పట్టి ఒడ్డుకి లాగారు. బతికింది. ఇంటికి తెచ్చిన సాయంత్రం గోడకి చేరబడి, మెల్లగా చెప్పింది.

"ముందు మావా అనే అరిసేను. నువ్వు లెగనేదు. నీ ఆయుస్సు తగ్గితే తగ్గిందని పేరెట్టి పిలిసేను. మూడోసారికి నోట్లో నీళ్లు."

కూర్మయ్య భోరుమని ఆవిడ కాళ్లు పట్టుకోబోయాడు. తాయారు కాళ్లు వెనక్కి తీసుకుంది. ఆనాటినుంచి వండుతుంది, వడ్డిస్తుంది. మావా అనదు, ఏమీ అనదు.

వారానికి ఏరు మళ్లీ ఎండిపోయింది. ఆ మధ్యాహ్నం కూర్మయ్య అన్నం తింటున్నాడు, తాయారు ఎదురుగా కూర్చుని పులుసు వేస్తోంది. ఏటివైపు నుంచి పిలుపు వచ్చింది.

"కూర్మయ్యా!"

అచ్చం తాయారు గొంతు. తాయారు పెదవి కదల్లేదు. ఆవిడకీ వినిపించింది, గరిటె కింద పెట్టేసింది. కూర్మయ్య ఈసారి ఆగలేదు. "వస్తన్నానే!" అనబోతూ సగం లేచాడు. తాయారు అతని నోటికి చెయ్యి అడ్డంపెట్టి కూర్చోబెట్టింది.

"తిను. అది నేను కాదు. నేను పిలిసిన్నాడు పలకనోడివి, దానికి పలుకుతావేటి?"