భాగోతం మధ్యలో త్రీ ఫేజ్

2002 నవంబరులో నన్ను పాన్‌గల్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. సెక్షన్ అంటే విద్యుత్ శాఖలో అట్టడుగు ఆఫీసు. పైనున్న అధికారుల తిట్లూ, ఊళ్లలోని రైతుల తిట్లూ వచ్చి కలిసేది అక్కడే. అయినా ఆ ఉద్యోగం నాకు నచ్చింది. గద్వాలలో పుట్టి పెరిగినవాణ్ణి, బోరు కింద సేద్యమంటే ఏమిటో తెలిసినవాణ్ణి. నా సెక్షన్‌ను నేను నడపగలనన్న నమ్మకం మొదటి రోజు నుంచీ ఉంది.

అప్పట్లో వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా ఇచ్చేవాళ్లం. సాయంత్రం పూట ఊళ్లకు సింగిల్ ఫేజ్ మాత్రమే ఉండేది. దానితో దీపాలు వెలుగుతాయి, మోటార్లు తిరగవు. మోటారు తిరగాలంటే త్రీ ఫేజ్ కావాలి. ఆ రబీలో మా సెక్షన్ పల్లెలకు దాని వంతు రాత్రి భోజనాల వేళకు పడింది. చీకట్లో, చలిలో బావి దగ్గరికి ఎవరు పోతారు? అందుకని రైతులు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది, రైతు ఇంట్లో హాయిగా పడుకుంటాడు. చిక్కల్లా ఒక్కటే. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ ఒక్కసారే మొదలైతే ఆ ధాటికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

మా సెక్షన్‌లో ఒక ఊరికి ఆ సీజన్‌లో అప్పటికే రెండుసార్లు కాలింది. ఇళ్లకూ, చుట్టుపక్కల బోర్లకూ అదొక్కటే ఆధారం. కాలినదాన్ని ట్రాక్టర్‌లో వేసుకుని మరమ్మతు కేంద్రానికి తీసుకుపోవాలి, వంతు వచ్చేదాకా కాచుకోవాలి. మూడోది నేను బతిమాలి తెచ్చి పెట్టించాను. ఇది పోతే ఇప్పట్లో మరొకటి లేదని పైవాళ్లు మొహం మీదే చెప్పారు. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే సమయం. అప్పుడు వారం నీళ్లు లేకపోతే ఆ ఊరి పంట ఇక చేతికి రాదు. ఆటో స్టార్టర్లు తీసేయండని మూడు సమావేశాల్లో చెప్పాను. తలలూపారు, తీయలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మా లైన్‌మన్ బాలస్వామి మాత్రం ఇంటింటికీ తిరిగి, సగం మందినైనా బావుల దగ్గర ఉండి ఒకరి తర్వాత ఒకరు మోటార్లు వేసుకునేలా ఒప్పించాడు. మూడో ట్రాన్స్‌ఫార్మర్ ఆ కాస్త ఒప్పందం మీదే నిలిచి ఉంది.

జనవరిలో ఆ ఊరివాళ్లు భాగోతం ఆడుతున్నామని నన్ను పిలిచారు. అది పద్యాలూ పాటలతో సాగే హాస్య కథ. సోమరి రాజు ఒకడు అన్నం నమలడానికి కూడా మనిషి కావాలంటాడు, ఆ మనిషిని వెతికి తేవడానికి మంత్రి తంటాలు పడతాడు. మంత్రి వేషం ఊరి దర్జీ మౌలాలిది. అయిజ వైపు నుంచి వచ్చిన హార్మోనియం పంతులు ముందు కూర్చున్నాడు. పొద్దుగూకగానే తెర లేచింది. చిన్నప్పటి నుంచి భాగోతాలు చూస్తున్నాను గానీ అంత నవ్వించిన మంత్రిని చూడలేదు. రాజుగారి ఆవులింతకు రాగం కట్టి, దానికి దరువేసి, చివర తానే నిద్రలోకి జారి కింద పడ్డాడు. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి పుట్టింది.

నవ్వు తుడుచుకుంటూ వెనక్కి చూశాను. రైతులందరూ అక్కడే ఉన్నారు. మరి బావుల దగ్గర ఎవరున్నారు? బాలస్వామి నా చెవిలో గొణిగాడు. "అందరూ మోటర్లను ఆటో మీద వెట్టి వచ్చిండ్రు సార్. భాగోతమని ఒక్కడు గూడ ఆడ ఉండలే."

అంటే త్రీ ఫేజ్ వచ్చిన క్షణమే ఊళ్లోని మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆపిద్దామంటే, అదే ఫీడర్ లైను మీదున్న మిగతా ఊళ్ల నీళ్లు కొట్టేసినట్టవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ దించుదామంటే ఆట చీకట్లో ఆగిపోతుంది, మళ్లీ ఎత్తిన క్షణం ఇదే కథ. ప్రతి స్టార్టర్ దగ్గరికీ దాని యజమాని చెయ్యి పోవాల్సిందే. నేను లేచి చెబితే నాలుగో సమావేశమవుతుంది.

భాగోతంలో ఒక ఆచారం ఉంది. హాస్యగాడు ఊళ్లో ఎవరినైనా ఎంత మాటైనా అనొచ్చు. అనిపించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. నేను తెర వెనక్కి వెళ్లి మౌలాలికి సంగతి చెప్పాను. అతనికీ రెండెకరాల వేరుశనగ ఉంది, ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. అయితే ఒక షరతు పెట్టాడు.

"చెప్త సార్. గానీ ముందుగాల మిమ్మల్నే అంట. మిమ్మల్ని ఇడిసి మావోళ్లను అంటె, సారే నేర్పిండని ఎర్కైతది. ఎవ్వడు ఇనడు."

సరేనన్నాను. అతను రంగం మీదికి వెళ్లి రాజుకు దండం పెట్టాడు.

"మహారాజా, మీకన్న సోమరి ఈడ ఇంకొకడున్నడు. కరెంటు సారు! ఫోన్ జేస్తె సారు ఉంటడు, కరెంటు ఉండదు. కరెంటొచ్చినప్పుడు సారు ఉండడు. ఇద్దరు ఒక్కపారి గూడ కలిసింది లేదు!"

జనం ఈలలు వేశారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. చెవులు వేడెక్కిన మాట నిజమే, కానీ నవ్వాను, లేచి దండం కూడా పెట్టాను. ఆ నవ్వు ఆగకముందే మౌలాలి ముందు వరుసలో ఉన్న సర్పంచ్ తిరుపతయ్య వైపు తిరిగాడు. ఊళ్లో పెద్ద మోటారు ఆయనదే.

"మా సర్పంచ్ సాబ్ ఇంకా ఘనుడు. ఆయన ఈడ నవ్వుతుండు, ఆడ మోటరు దానంతట అదే లేస్తది. దాని ఎనక అందరియి లేస్తయి. ఇగ ట్రాన్స్‌ఫార్మర్ పండుకుంటది. పల్లిచేను ఎండుతది. గప్పుడు ఆటో స్టార్టర్ పుణ్యాన గడ్డినే నమలాలె మహారాజా, నమలనీకి మనిషిని గూడ తెచ్చుకోవాలె!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ సర్పంచ్ మొహమే చూస్తున్నారు. ఆచారం ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియలేదు, నిజంగా భయపడ్డాను. తిరుపతయ్య కండువా దులిపి లేచాడు.

"నవ్వింది సాలు. లేవుండ్రి, మోటర్లు బంద్ వెట్టొద్దాం" అన్నాడు.

మౌలాలి వెంటనే, "మీరొచ్చేదాంక కథ ముందలికి పోదు, ఒట్టు" అన్నాడు. ఆ మాటతో వెనకాడేవాళ్లు కూడా కదిలారు. టార్చిలైట్లు చేల వైపు సాగాయి. ఇక్కడ అతను ఒకటే పల్లవిని పట్టుకుని మామగా, కోడలిగా, మేకగా మారిమారి పాడాడు. మిగిలిన పిల్లలూ ఆడవాళ్లూ పగలబడి నవ్వారు. పంతులు కూడా "భలే, భలే!" అంటూ మెట్లు మార్చుకుంటూ పోయాడు.

త్రీ ఫేజ్ వచ్చింది. చేల వైపు నుంచి ఒక్క మోటారు చప్పుడూ రాలేదు. రంగం మీది దీపం ఒక్కసారి రెపరెపలాడి నిలబడింది. దాన్ని చూసింది నేనూ బాలస్వామీ మాత్రమే. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి కూర్చున్నాక, సోమరి రాజు కథ ఆగినచోటి నుంచే సాగింది. ఆట ముగిశాక బాలస్వామి చెప్పిన వరుసలో మోటార్లు ఒక్కొక్కటే వేసుకున్నారు. మర్నాడు సర్పంచ్ తన ఆటో స్టార్టర్ తానే విప్పించాడు. తర్వాత చాలామంది విప్పించారు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఆ పంటను దాటించింది.

పదవీ విరమణ దాకా నేను పెట్టిన ప్రతి రైతుల సమావేశంలో ముందు వాళ్లను తిట్టనిచ్చాను, నవ్వనిచ్చాను, ఆ తర్వాతే నోరు విప్పాను. జనం అధికారి మీద నవ్వడం అయిపోయాకే ఆయన చెప్పే మాట వింటారు. అందుకు సిద్ధపడని ఇంజనీరు ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌ను సిద్ధంగా పెట్టుకోవాలి.