కొత్త పండక్కి ముందు కొరికిన మామిడి ముక్క

అదే మరి, మీరూ తినే ఉంటారు ఆ మామిడి ముక్కలు. బొర్రా గుహలన్నీ చూసి, మెట్లెక్కి, రొప్పుతూ బయటికొచ్చేసరికి ఎదురుగా మామిడి ముక్కలమ్మే గంగ బుట్ట ఉంటుంది. ఉప్పూ కారం చల్లి ఇస్తూ కబుర్లు చెబుతుంది. కొండ కన్నంలోంచి ఆవు లోపల పడిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగినవాడే ఈ గుహలు మొదట చూశాడనీ. రైలు పట్టాలు వేసేటప్పుడు వాళ్ల తాత రాళ్లు మోశాడట. "అప్పుడు బుడ్డి దీపం కూడా నేదమ్మా. ఇప్పుడు సూడండి, రంగు లైట్లు, అద్దాల రైలూ!" అని పకపకా నవ్వుతుంది.

ఆ రోజు మాత్రం నవ్వలేదు.

వాళ్ల ఊళ్లో కొత్త పండగ చేసి, కొండదేవతకి తొలికాయ పెట్టేదాకా ఆ ఏటి మామిడిని ఎవరూ నోట పెట్టరు. ముందే తింటే ఆ ఇంటి మనిషి మీదకి పులో పామో వస్తుందని పెద్దల మాట. అమ్ముకోవడానికి మాత్రం అడ్డు లేదు.

"పులుపా? నువ్వొకటి తిని చెప్పు," అంది విశాఖ నుంచి వచ్చిన ఒకావిడ. బేరం పోతుందని గంగ గబుక్కున కొరికింది. గొంతు దిగాకే గుర్తొచ్చింది.

పక్కనే టీ కాచే పైడమ్మ చూసింది. "ఏటే, అలాగయిపోనావు?"

"కొత్తవ్వకుండా తినీసినానప్పా!"

"మేం సర్చికెళ్లేవోలం. రోజూ తింతన్నాను, సచ్చానా?"

"నిన్ను మా దేవత ఎరగదప్పా. నన్నెరుగును."

గంగకి ఉన్నది ఒక్క కూతురు, సోని. పొద్దున్నే పక్కింటి రత్నాలుతో కలిసి కొండ చీపుళ్లు కోయడానికి వెళ్లింది. కాసేపటికి రత్నాలు మోపుతో దిగింది, ఒక్కర్తే.

"మా గుంటేదీ?"

"అదేటి, నాకన్నా ముందే బయిల్దేరింది. రానేదా?"

గంగ బుట్ట అక్కడే వదిలేసింది. ఇంటికి పరిగెత్తి, గంప కింది కోడిపెట్టని చంకన పెట్టుకుంది. పూజారి ఉండేది కొండకి అవతల. ఆయనకి చెప్పుకుని, చేసిన తప్పుకి పరిహారంగా కోడిని ఇచ్చేస్తే దేవత శాంతిస్తుంది. దారి పొడుగునా "సోనీ!" అని అరిచింది. ఎండుగడ్డి కదిలితే పులి చారల్లాగే కనబడింది. మలుపులో చీపురు మోపు పడి ఉంది. మనిషి లేదు. గంగ కోడిని అదిమి పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా! ఏటలా నిలబడిపోనావు?"

పైన బండ మీద సోని. తెగిన చెప్పుని అడ్డాకు నారతో కట్టుకుంటోంది.

"నీ మడమ మీద ఆ నెత్తురేటే?"

"ముల్లు."

"ముల్లేనా? ఒక గాటా, రెండా? సూడనీ!"

"ఒకటే! అక్కడ నొక్కకే! అయినా కోడెందుకు?"

గంగ ఆకాశం వైపు చూసింది. పొద్దు వాలుతోంది. పూజారి దగ్గరికి వెళ్లాలంటే పిల్లని ఒంటరిగా కిందికి పంపాలి, లేదా కుంటుకుంటూ వచ్చే దాన్ని అడవిలోకి తీసుకుపోవాలి. రెండింటికీ గుండె ఒప్పలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికే తెచ్చేసింది.

మర్నాడు పూజారి దగ్గరికి వెళ్దామనుకుంది. తెల్లారి చూస్తే సోని మడమ కొంచెం వాచింది. గంగ దాని పక్క నుంచి కదల్లేదు. కోడి మళ్లీ గంప కిందకే చేరింది. పూజారికి ఇంకా ఏమీ తెలియదు.