ఓనరు గారి పొదుపు

హోటలు నేలమాళిగలో ఉన్న లాండ్రీలో అతన్ని అందరూ "ఓనరు గారు" అనేవాళ్లు. అది గౌరవం కాదు, వెక్కిరింత. ఏళ్ల తరబడి అక్కడే వేడి రోలరు ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి, ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి, అప్పు తెచ్చి, రెండు పెద్ద మెషిన్లు కొని సొంత లాండ్రీ పెట్టాడు. ఏడాది తిరక్కుండానే మురుగునీళ్ల గొడవ వచ్చి బిల్డింగు వాళ్లు షాపు ఖాళీ చేయించారు. మెషిన్లు పాత ఇనుము ధరకు పోయాయి. అప్పు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. చేసేది లేక మళ్లీ అదే నేలమాళిగ మెట్లు దిగాడు.

"ఓనరు గారొచ్చారు, కుర్చీ వెయ్యండర్రా!" అన్నాడు మేస్త్రీ.

అందరూ విరగబడి నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకా లోకువైపోతాడు.

జీతంలో సగానికి పైగా అప్పిచ్చిన కంపెనీకే పోయేది. అక్కణ్ణించి ఫోను చేసే అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడేది. "బాగున్నారా సార్? ఈ నెలది గుర్తుంది కదా సార్?" ఆ మర్యాద భరించలేక అతను ఫోను చెవికి దూరంగా పట్టుకునేవాడు. ఎలాగైనా సరే, గడువుకు ముందే తీర్చి పారేసి ఆ గొంతు వినపడకుండా చేసుకోవాలని పంతం పట్టాడు.

అలా మొదలైంది పొదుపు. ముందు టీవీ కనెక్షను పోయింది. తర్వాత ఫ్రిజ్జు అమ్మేశారు. పాలు సగానికి తగ్గాయి. భార్యాభర్తలకు ఒకటే ఫోను. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేసి మళ్లీ వాడేవాళ్లు. పేస్టు అయిపోతే ట్యూబును కత్తెరతో నిలువునా కోసి లోపలంతా గీకేవాళ్లు. లాండ్రీలో తోటివాళ్లు టీకి పిలిస్తే, "కడుపులో మంటగా ఉంది" అని తప్పించుకునేవాడు. తన వంతు వచ్చినప్పుడు డబ్బులివ్వాలి కదా! కొన్నాళ్లకు పిలవడం మానేశారు.

అతని భార్య ఒక రెడీమేడ్ బట్టల షాపులో వెనకగదిలో కూర్చుని పొడవులు తగ్గించడం, నడుములు బిగించడం చేసేది. మొదట్లో ఆమె అన్నిటికీ ఒప్పుకుంది. వెలుగుతున్న లైటును అతను ఆర్పినప్పుడల్లా, "మీ నాన్న గాలికి కూడా మీటరు పెట్టిస్తాడే" అని కూతురితో నవ్వేది. నెలలు గడిచేకొద్దీ ఆ నవ్వు కూడా తగ్గిపోయింది.

వాళ్లకు ఒక్కతే కూతురు. పదకొండేళ్లది. ఇంట్లో బుల్లి అని పిలుచుకునేవాళ్లు. ఆ పిల్ల పొదుపును ఆటలా అందుకుంది. పెన్సిలు వేళ్లకు అందనంత పొట్టిదయ్యేదాకా రాసేది. నీళ్లు కారే కుళాయి కింద గిన్నె పెట్టేది. ఒకరోజు భోజనాల దగ్గర, ఇంకాస్త అన్నం వేయబోతున్న తల్లి చేతిని పట్టుకుని, "చాలమ్మా" అంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత కంచంలో వేసిందే సగం మిగిల్చి, తల్లి వైపు జరిపేది.

"చూశావా? నీకంటే నీ కూతురికే బాధ్యత తెలుసు" అన్నాడతను భార్యతో.

"ఎదిగే పిల్లండీ. తినకపోతే ఎలా?"

"ఆకలేస్తే అదే అడుగుతుందిలే."

లాండ్రీలో కూడా గొప్పగా చెప్పుకున్నాడు. "మా బుల్లి ఉంది చూశారూ, పెద్దవాళ్లకు కూడా అంత ఇంగితం ఉండదు." దుప్పటి అంచులు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆవిడ, "అదృష్టవంతులే" అంది. చాలా రోజుల తర్వాత అతనికి ఛాతీ కాస్త వెడల్పయినట్టనిపించింది.

ఒక తెల్లవారుజామున భార్య అరుపు విని లేచాడు. బుల్లి ఎడమ బుగ్గ కింద దవడంతా ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. ఒళ్లు కాలిపోతోంది. నోరు తెరవమంటే వేలు పట్టేంత కూడా తెరవలేకపోయింది. తనకు తెలిసిన వైద్యం ఒక్కటే కాబట్టి ఇస్త్రీపెట్టెతో గుడ్డ వేడి చేసి కాపు పెట్టబోయాడు. భార్య ఆ గుడ్డ లాగి అవతల పారేసింది.

"ఆస్పత్రికి పదండి! ఇందులో కూడా మిగుల్చుకుంటారా?"

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. లోపలి పన్ను పుచ్చి, చీము దవడ కిందకి దిగింది. ఇంకో పూట ఆగి ఉంటే ఊపిరి కూడా ఆడేది కాదంది.

"ఎన్నాళ్లనించి నొప్పి, పాపా?"

బుల్లి తండ్రి మొహంలోకి చూసింది. ఆ చూపు డాక్టరమ్మ గమనించింది. "నాన్న చెప్పొద్దన్నాడా?"

"లేదండీ." మాట ముద్దముద్దగా వచ్చింది. "నేనే చెప్పలేదు. చూపిస్తే డబ్బులవుతాయి కదా... ఓ పక్క నమిలితే సరిపోతుందనుకున్నా."

అప్పుడు అర్థమైంది అతనికి. పిల్ల అన్నం తగ్గించింది ఇంగితంతో కాదు, నమలలేక. తను మెచ్చుకున్న ప్రతి పూటా అది నొప్పిని మింగింది. మెచ్చుకుంటున్నాడు కాబట్టే మింగింది.

దవడ కింద కోసి చీము తీశారు. రెండు పళ్లు పీకేశారు. బిల్లు చూస్తే, పాలల్లో, సబ్బుల్లో, టీల్లో ఇన్నాళ్లూ కూడబెట్టిందంతా ఏ మూలకీ రాలేదు. అతను లాండ్రీకి వెళ్లి, మేస్త్రీకి పిల్ల సంగతి చెప్పి తలవంచుకుని నిలబడ్డాడు. మేస్త్రీ లోపలికి పోయి డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఎప్పుడిస్తావని నేనడగను. ముందు పిల్లని చూసుకో."

ఆ రోజు నుంచి నేలమాళిగలో ఎవరూ అతన్ని ఓనరు గారు అనలేదు. పేరు పెట్టి మెల్లగా పిలవసాగారు. అది జాలి అని అతనికి తెలుసు. దానికంటే వెక్కిరింతే నయమనిపించింది.

కంపెనీ అమ్మాయికి తనే ఫోను చేసి, నెలకు కట్టేది తగ్గించమని బతిమాలాడు. తగ్గించారు, వడ్డీతో పాటు సంవత్సరాలు పెంచి. ఇంట్లోకి మళ్లీ పాలు వచ్చాయి. కొత్త సబ్బు వచ్చింది. కంచం ముందు కూర్చుని, "ఇంకొంచెం వేసుకోవే" అని అతనే బతిమాలేవాడు.

"వద్దు నాన్నా. చాలు."

నిజంగా చాలో, కాదో ఇక ఎవరికీ తెలిసేది కాదు. నొప్పిగా ఉందా అన్నా, ఆకలేస్తోందా అన్నా, చలేస్తోందా అన్నా ఒకటే మాట, "లేదు నాన్నా." భార్య మాత్రం రోజూ కూతురి నోరు తెరిపించి దీపం వెలుగులో చూసేది. మాట మీద నమ్మకం పోయిందామెకు. ఆ విషయంలో మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

అప్పు తీరేసరికి బుల్లికి పదిహేనేళ్లొచ్చాయి. ఆఖరి వాయిదా కట్టాక కంపెనీ అమ్మాయి, "కంగ్రాట్స్ సార్, ఇంకో లోను ఏమైనా కావాలా?" అని అడిగింది. అతను ఫోను పెట్టేసి, కూతుర్ని చెప్పుల షాపుకి తీసుకెళ్లాడు.

షాపావిడ తోలుబూట్ల జత తెచ్చి తొడిగింది. బుల్లి ఒకటి విప్పి, తిరగేసి, అడుగున అంటించిన ధర చూసింది. "ఇవి నొక్కుతున్నాయి నాన్నా" అని, మూలనున్న చవక జత అందుకుంది.

అతను కింద కూర్చుని, రెండో కాలి బూటు ముందు భాగం బొటనవేలితో నొక్కి చూశాడు. వేళ్లకు ముందు బోలెడు ఖాళీ ఉంది. పైకి చూశాడు. పిల్ల గోడకేసి చూస్తోంది. దవడ కింద మచ్చ తెల్లగా కనిపిస్తోంది.

"ఈ తోలువే కట్టండి" అన్నాడు షాపావిడతో.

బుల్లి వద్దనలేదు. రోజూ వేసుకునేది, జాగ్రత్తగా తుడిచి పెట్టుకునేది. వానలు మొదలైన వారం, ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి ఉంది, బూట్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెలకు హత్తుకుని. ఉత్త కాళ్లు, మోకాళ్ల దాకా బురద. బొటనవేలు చితికి నెత్తురు కారుతోంది.

"నొప్పిగా ఉందా?" అనడగబోయి ఆగిపోయాడు. తువ్వాలు తెచ్చి, ఆమె కాళ్ల ముందు కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు.