మల్కాజ్‌గిరి స్కూలు గ్రూప్ పాలసీ

2022. ఇన్సూరెన్స్ ఏజెంటుగా సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో నాది పదకొండో ఏడు. మల్కాజ్‌గిరిలో ఓ చిన్న ప్రైవేటు స్కూలు హెడ్మిస్ట్రెస్ గ్రేస్ కుమారి గారు కబురు పెట్టారు. స్టాఫ్‌కు ఆరోగ్య బీమా కావాలన్నారు. ఆయాలకు ప్రభుత్వ పథకం కార్డులున్నాయి. టీచర్లకు ఆ కార్డు రాదు, సొంతంగా పాలసీ కొనే స్థోమతా లేదు.

గ్రూప్ పాలసీ గురించి చెప్పాను. అందరూ కలిసి చేరితే పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. జబ్బున్నవాళ్లే చేరి మిగతావాళ్లు తప్పుకుంటే మాత్రం ప్రీమియం పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఇంకొందరు వెళ్లిపోతారు. దీన్నే మా రంగంలో అడ్వర్స్ సెలెక్షన్ అంటారు.

ఫారాలు చూస్తే ఒకరికి గుండె కవాటం జబ్బు. కంపెనీ రేటు పెంచింది. ఆ ఒక్క పేరు తీసేస్తే తగ్గిస్తారని మేడమ్‌కు సలహా ఇచ్చాను.

ఆమె ఫారాలు నా ముందు నుంచి తీసుకుని, "అవసరమున్న మనిషిని వదిలేసి చేయించుకునే బీమా ఎందుకండీ?" అన్నారు.

శనివారం స్టాఫ్ మీటింగ్ పెట్టి, రేటు ఎందుకు పెరిగిందో నాతోనే చెప్పించారు. పీటీ మాస్టర్ నరేష్, తనకు జ్వరం కూడా రాదని, ఎవరి జబ్బుకో తానెందుకు కట్టాలని అడిగాడు. ఆ మనిషెవరో చెప్తే ఆలోచిస్తానన్నాడు.

"పేరు చెబితే ఆ మనిషిని ఉంచాలా వద్దా అని మీరు ఓటేసినట్టవుతుంది. చెప్పను," అన్నారు మేడమ్.

అప్పుడు హిందీ టీచర్ సుజాత లేచి నా వైపు తిరిగింది.

"అది నేనే సార్. నా పేరు తీసేయండ్రి. నా వల్ల అందరికి తక్లీఫ్ వద్దు."

నరేష్ తల దించుకున్నాడు. "నాకు తెల్వదు సుజాత మేడమ్. ఫారం ఇటియ్యండ్రి," అని మొదటి సంతకం అతనే పెట్టాడు. ఆ సాయంత్రానికి సుజాతతో సహా అందరూ సంతకాలు పెట్టేశారు.

మరుసటి ఏడాది ఆ పాలసీ మీదే సుజాతకు గుండె ఆపరేషన్ అయింది. సెలవులయ్యాక మళ్లీ క్లాసులో పాఠం చెబుతుంటే కిటికీలోంచి చూశాను. నరేష్ ఇంతవరకు ఒక్క క్లెయిమూ పెట్టలేదు. రెన్యువల్‌కు మాత్రం ఏటా వస్తాడు.

పేరు తీసేయమన్న నా సలహా తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లతోనే కూర్చుని మాట్లాడతాను. పాలసీ నిలబడేది వాళ్ల వల్లేనని గ్రేస్ కుమారి గారి స్టాఫ్ రూమ్‌లోనే నాకు అర్థమైంది.