దిగని ముల్లు

మా వారు పాత చిన్న విమానాల మీటర్లు బాగుచేసేవారు. నేను బడిలో చదువుకోలేదు. బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఇంజను వేగం చూపే మీటరును నా కుట్టుమిషను చక్రానికి తగిలించి పరీక్షించేవాళ్లం. తొక్కేవాళ్లకు ముల్లు కనిపించదు కనుక ఆయన తొక్కితే నేను చూసి చెప్పేదాన్ని.

ఆయన పోయిన మూడో నెలలో, చివరగా బాగుచేసిన మీటరు కోసం ఒక పైలట్ గారు మా ఊరి మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ వచ్చారు.

"మాస్టారి చేతి పని, చూసేదేముందమ్మా? ఇచ్చేయండి, రేపే బిగించేస్తాం."

"ఒక్కసారి తొక్కుతాను బాబూ. మీరు ముల్లు చూడండి" అంటూ మా వారి పీట మీద కూర్చున్నాను.

"లేచిందమ్మా, బ్రహ్మాండం!"

కాలు ఆపాను. చక్రం ఆగింది. "దిగిందా?"

"లేదమ్మా... అక్కడే ఉంది."

గాలిలో ఇంజను నెమ్మదించినా ఈ మీటరు చెప్పదు. నిజం చెబితే మా వారి పేరు పోతుంది, అయినా చెప్పేశాను.

"ఇది పెట్టకండి బాబూ. మా వారిదే పొరపాటు. కొత్తది వేయించుకోండి."

"మాస్టారున్నా ఇదే మాట అనేవారమ్మా" అని పైలట్ గారు మీటరును నా దగ్గరే వదిలి వెళ్లారు.

ఆ పూట నా చేత తొక్కించిన పెదకాకాని శివయ్యకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ మీటరు ఇంకా మిషనుకే ఉంది. అప్పుడప్పుడు తొక్కుతాను. ముల్లు దిగిందో లేదో చూసి చెప్పేవాళ్లే లేరు.