ఎన్ని పోగులు తెగినయ్?

1991 జూలై 9, సోలాపూర్ ఆసుపత్రి వరండా. ఉన్నవారు: ఊరు కాని ఊరు వెళ్లిన ముసలివాణ్ణి నేను, నర్సు, పక్క బల్ల మీద ఆ ఊళ్లోని భవాని పేట్ నుంచి వచ్చిన, మరమగ్గం నడిపే పెద్దాయన, ఆయన మనవరాలు, క్యాన్సర్‌కు మందులు వాడుతున్న ఆరేళ్ల పాప.

నొప్పి ఎంతుందో చూపమని నర్సు ముఖాల బొమ్మలు పాప ముందు పెట్టింది. పాప నవ్వే ముఖం మీద వేలు పెట్టింది. నొప్పి లేదనుకుని నర్సు లేవబోయింది.

"ఆగు సిస్టర్‌బాయీ! ఏడ్పు మొగం ఎవరికి నచ్చుతది? మంచిగున్న బొమ్మ చూపెట్టింది, అంతే" అని పెద్దాయన నవ్వి, నొప్పి సంగతి పాపను తమ మగ్గం లెక్కలో అడిగాడు. "బిడ్డా, కాలుల ఎన్ని పోగులు తెగినయ్?"

"మస్తు తెగినయ్ తాతా. మగ్గమే ఆగింది."

నర్సు వెంటనే నొప్పి మందు తెచ్చి వేసింది.

మర్నాడు ఉదయం నేను మోకాళ్లు పట్టుకుని బల్ల మీంచి లేస్తుంటే, ఉప్మా తింటున్న పాప నన్ను అడిగింది.

"నీకెన్ని తెగినయ్ తాతా?"

"రెండు" అన్నాను.

"రెండే గదా! ముడేస్కొని నడువు" అంది.